ఆగిన చోటు

వేసవిలో ఏరు ఎండిపోతే ఆ అడవికి చెలమ ఒక్కటే దిక్కు. దాంట్లో ముందు ఎవరు మూతి పెట్టాలో తేల్చడానికి ఏటా ఇసుకలో పరుగు పందెం జరిగేది. గెలిచినవాళ్ళకు వేసవంతా తేట నీళ్ళు. మిగతావాళ్ళకు వాళ్ళు తాగి వదిలినవి.

మచ్చన్న అనే ముసలి ఎద్దు ఒకప్పుడు ఈ పందెంలో పేరు మోసినవాడే. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి గట్టున నిలబడి చూడటంతోనే సరిపెట్టుకుంటున్నాడు. చూస్తున్నంతసేపూ అతనికి నేస్తం ఎర్రన్నే గుర్తొస్తాడు. ఒక ఏడు పందెం మధ్యలో చెట్టు కూలి దారికి అడ్డంగా పడింది. అప్పట్లో ఎవరు ఆగిన చోట వాళ్ళకు గుర్తుగా ఒక రాయి పెట్టేవాళ్ళు, దారి తెరుచుకున్నాక ఎవరి రాయి దగ్గర్నుంచి వాళ్ళు పరుగందుకునేవాళ్ళు. మచ్చన్న వెనకబడ్డాడు, వెనకే నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఆ సాయంత్రం గెలిచిన ఎర్రన్న చెలమ దగ్గర ఆగి, "రారా, కలిసి తాగుదాం" అన్నాడు. ఆ నీళ్ళ రుచి మచ్చన్న ఇంకా మరిచిపోలేదు. ఎర్రన్న పోయాడు, అతనితోపాటే ఆ పద్ధతీ పోయింది.

ఈ ఏడు పందేనికి పెద్దరికం నక్కది. పరుగులో చుక్కమ్మ అనే మేక అందరికన్నా ముందుంది. తనకు నీళ్ళు దొరక్కపోతే పిల్లకు పాలుండవు, అందుకే ప్రాణం పెట్టి పరిగెడుతోంది. నక్కకు బావ వరసైన తోడేలు మాత్రం షికారుకొచ్చినట్టు వెనక వస్తోంది. గెలుపు గీత ఇంకాస్త దూరం ఉందనగా గట్టు మీంచి ముళ్ళకంప ఒకటి దొర్లి దారిలో పడింది. కంప దొర్లిన చోట ఉన్నది నక్క చుట్టాలే.

"ఆగండి! పందెం ఆపేయండి!" అని నక్క అరిచింది. కంప తీయించి, "అందరూ వెనక్కొచ్చి మొదటి గీత మీద నిలబడండి" అంది.

"నేనంత ముందున్నాను కదయ్యా!" అంది చుక్కమ్మ రొప్పుతూ.

"ఉంటే ఏమైంది? చూసేవాళ్ళకు మజా ఉండొద్దా?"

మచ్చన్న మనసు చివుక్కుమంది. పాత అలవాటు కొద్దీ మేక ఆగిన చోటికి పోయి, దారి పక్కన మూతితో ఒక రాయి దొర్లించి పెట్టాడు. గట్టున చూస్తున్న కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి.

మళ్ళీ పరుగు మొదలైంది. దమ్ము దాచుకున్న తోడేలు దూసుకుపోయింది. మేక కాళ్ళు తడబడ్డాయి. తోడేలు గీత దాటబోతుందనగా మచ్చన్న తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి దారికి అడ్డంగా పడుకున్నాడు.

"లే ముసలోడా!" అని తోడేలు గుర్రుమంది.

"లేవాలనే ఉందిరా అబ్బాయ్, కాళ్ళు తిమ్మిరెక్కాయి. నక్కయ్యా, దారికి అడ్డం పడితే పందెం ఆపాలిగా?"

"ఆపాలి, ఆపాలి! మళ్ళీ మొదటి గీతకే!" కుందేళ్ళు కేరింతలు కొట్టాయి.

తోడేలు నాలుక వేలాడేసింది. "బావా, మళ్ళీ మొదట్నుంచి నా వల్ల కాదు."

నక్కకు ఒళ్ళు మండింది. "అంత కష్టపడి ముందుకొచ్చినవాణ్ణి వెనక్కి నెడతారా? అన్యాయం! ఎవరు ఆగిన చోటు నుంచి వాళ్ళే పరిగెత్తాలి!"

"కాస్త గట్టిగా చెప్పు నక్కయ్యా, ముసలి చెవులు."

నక్క ఏరంతా వినబడేలా ఆ మాటే అరిచింది.

"బాగా చెప్పావ్" అంటూ మచ్చన్న చటుక్కున లేచాడు. తిమ్మిరి ఏమైందో మరి! "ఇందాక చుక్కమ్మ ఆగిన చోటు అదిగో, ఆ రాయి దగ్గర. ముందు జరిగిన అన్యాయం ముందు సరిచేద్దాం. అమ్మాయ్, పోయి అక్కడ నిలబడు. ఏరా తోడేలూ, నువ్వప్పుడు ఆ వెనక పొద దగ్గరున్నావ్, అక్కడికి నడువ్."

నక్క నోరు తెరిచింది. గట్టు మీద అందరూ దాని వంకే చూస్తున్నారు. చేసేది లేక మళ్ళీ పరుగు మొదలెట్టమని తోక ఊపింది.

తోడేలు పొద దాటి నాలుగడుగులు వేసేలోపే మేక గీత దాటేసింది.

చేసిన మోసానికి ఆ వేసవంతా నక్కకూ తోడేలుకూ అందరూ తాగాక మిగిలిన బురద నీళ్ళే గతి అయ్యాయి. పందెం జరిగిన సాయంత్రం చుక్కమ్మ పిల్లను వెంటబెట్టుకుని చెలమకొచ్చింది. మూతి పెట్టబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"రా తాతా, కలిసి తాగుదాం."

మచ్చన్న కళ్ళు చెమర్చాయి. వంగి ఒక గుక్క తాగాడు. నీళ్ళు అచ్చం అప్పటిలాగే ఉన్నాయి.

నీతి: పక్కవాడిని ముంచిన నియమం, మన దాకా వచ్చేవరకూ అన్యాయంలా కనిపించదు.