నల్లబడ్డ పలక

పేరిశాస్త్రి గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, చేతికో పని తగిలిస్తారు. ఇనుప గొట్టాల తుప్పు మీద పరిశోధనలోనే తల నెరిసిన పెద్దమనిషి. విశాఖలో ఆయన ప్రయోగశాలలోనే ప్లాస్టిక్ మీద పరిశోధన చేస్తున్న రిజ్వానాకు ఈ అలవాటంటే ఒళ్లుమంట. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, మంటకు లొంగని ప్లాస్టిక్ అసలు ఉంటుందా? ఉండదంటే చెప్పేయండి, మూటాముల్లే సర్దుకుంటాను."

పాపం, ఆమె గోల ఆమెది. మామయ్య కుట్టుదుకాణం స్విచ్చిబోర్డు అంటుకుని బూడిదైన నాటినుంచి మంటతోనే పంతం. ప్లాస్టిక్‌లో ఏవేవో పొడులు కలిపి తెల్లటి పలకలు పోసేది, వాటిని దీపం మంట మీద పెట్టేది. పలక నల్లబడేది. వెంటనే తడిగుడ్డ వేసి ఆర్పేసి, అది పనికిరాదని పక్కన పడేసేది. ఆ మధ్యాహ్నం ఈ పనికి డబ్బిస్తున్న స్విచ్చుల కంపెనీ వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఈసారీ కాలిపోతే ఆ పని మూసేస్తామని మొహం మీదే చెప్పారు.

శాస్త్రి గారు లేచారు. గొట్టాల్లో పారే నీళ్లలా ఉండాలని నీటిలో ఉప్పూ బొగ్గుపులుసు వాయువూ కలిపి కాచే వేడి తొట్టెలోంచి రెండు ఉక్కు ముక్కలు తీసి ఆమె ముందు పెట్టారు. రెండూ ఒకే గొట్టం నుంచి కోసినవి. ఒకటి తళతళలాడుతోంది. రెండోది నల్లగా, పెచ్చుకట్టి, చూడ్డానికే అసహ్యంగా ఉంది.

"మెరిసేదాన్ని నేను నెలల తరబడి రోజూ తీసి, పెచ్చు పోయేలా తోమి, మళ్లీ వేశాను. ఈ నల్లదాన్ని ముట్టుకోలేదు. ఏది మిగిలిందో చూడు."

"చూసేదేముంది సార్, నల్లది పోయినట్టే," అంటూనే ఆమె పెచ్చు గీకింది. కింద ఉక్కు నిక్షేపంలా ఉంది. మెరిసే ముక్కను వేళ్ల మధ్య పట్టుకుంటే రేకులా వంగింది! అడుగుదామని తల ఎత్తేసరికి శాస్త్రి గారు టీకి వెళ్లిపోయారు. ఆమె ఆ నల్ల పెచ్చును చేత్తో పట్టుకుని, తాను పక్కన పడేసిన నల్ల పలకల వైపు తిరిగింది.

మధ్యాహ్నం కంపెనీ తరఫున దయానిధి గారు వచ్చారు. శాస్త్రి గారు కూడా వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. రిజ్వానా కొత్తగా ఏమీ కలపలేదు, పాత పాళ్లతోనే పోసిన తెల్లటి పలకను దీపం మీద పెట్టింది. పలక ఎప్పటిలాగే నల్లబడింది. పొగ లేచింది.

"ఆర్పండమ్మా, ఆర్పండి! అయిపోయిందిగా!" దయానిధి గారు కుర్చీలోంచి లేచారు.

ఆమె చెయ్యి దానంతటదే తడిగుడ్డ మీదికి వెళ్లింది. పళ్లు బిగించి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ నలుపు అప్పడంలా పొంగింది, పలకంతా కమ్ముకుంది. అంటుకున్న మంట తడబడింది, చిన్నబోయింది, ఎవరూ ఊదకుండానే ఆరిపోయింది. కింద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. చల్లారాక రిజ్వానా నల్లటి పొరను గోటితో లేపింది. లోపల ప్లాస్టిక్ తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది.

"గెలిచాం సార్!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క గదిలో వాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. దయానిధి గారు ఆ పలకను తిప్పి తిప్పి చూసి, "మా స్విచ్చులన్నిటికీ ఇదే కావాలి," అన్నారు.

ఆ సందడి మధ్య రిజ్వానా కళ్లు తుడుచుకుంటూ గురువు దగ్గరికి వచ్చింది. "ఇన్నాళ్లూ నేను పారేసింది దీన్నేనా సార్?"

"పారేశావని కాదమ్మా," అన్నారు శాస్త్రి గారు. "అది నోరు విప్పినప్పుడల్లా నువ్వే తడిగుడ్డ వేసేదానివి."