తప్పు లేని పేరా

విద్యార్థి అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పడం వేదవల్లి గారి అలవాటు కాదు. బీరువా తెరిచి ఏదో ఒక కాగితం తీసి చేతికిచ్చేవారు. అది చదివిన తరువాత కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు అడగమనేవారు. అనకాపల్లిలో ఒక పిండిమర పైనున్న గదిలో ఆమె ఇంగ్లీషు నేర్పేవారు. క్రింద మర తిరుగుతున్నంతసేపూ పిల్లలు ఆ మోతను మించి గొంతెత్తి చదవవలసిందే. ఆమెకు మరొక అలవాటు కూడా ఉండేది గాని, దానికి కారణం ఎవరికీ తెలియదు. మర మోత కొంచెం మారితే చాలు, పాఠం మధ్యలో ఆపి, చేయి పైకెత్తి, చెవి ఒగ్గి వినేవారు. మోత మునుపటిలా కుదుటపడిన తరువాతనే చేయి దించేవారు. పిల్లలు ఆమె లేనప్పుడు ఆమెను ‘మర డాక్టరు’ అని చెప్పుకొని నవ్వుకునేవారు.

ఆ ఏడాది ఆమె వద్దకు నిరీక్షణ అనే అమ్మాయి వచ్చింది. నర్సింగు చదువు ముగించి, ఊరిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో శిక్షణలో ఉంది. విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రి ఉద్యోగానికి తొమ్మిది రోజులలో ఎంపిక జరగనున్నది. అక్కడే కూర్చొని ఇంగ్లీషులో ఒక పేరా వ్రాయాలి. వ్రాసినదానిని ముగ్గురు అధికారుల ఎదుట నిలబడి చదవాలి. తల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఈ ఉద్యోగం రాకుంటే చెల్లెలి కాలేజీ చదువు మానిపించవలసి వస్తుందని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు. అందుచేత నిరీక్షణ గైడులోని నలభై పేరాలనూ అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టింది. ఉచ్చారణలోనూ ఆమెకు వంక పెట్టడానికి ఉండేది కాదు.

వేదవల్లి గారు మాత్రం ఆమెను నిన్న వార్డులో చూసినది ఏదైనా ఐదు వాక్యాలలో వ్రాయమన్నారు. చూడడానికేముంది, రోజూ ఉండేదేనని చెప్పి, నిరీక్షణ గైడులోని ‘ఆసుపత్రి’ పేరా వ్రాసి ఇచ్చింది. ఆమె దానిపై గీతైనా గీయకుండా తిప్పి ఇచ్చారు. మూడవసారి కూడా అలాగే తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల ఓర్పు నశించింది.

“మేడమ్, గైడులో ఉన్నది తప్పా?”

తప్పు కాదన్నారు ఆమె.

“మరి తప్పు లేనిది చేతిలో ఉండగా, నా సొంతం వ్రాసి తప్పులు ఎందుకు తెచ్చుకోవాలి?”

వెనుక బల్లమీద ఉన్న గోవిందు, మనమంతా సొంతం వ్రాయడం మొదలుపెడితే ఇంగ్లీషువాడు తన భాషను మనకే వదిలేసి పోతాడన్నాడు. అందరూ నవ్వారు. వేదవల్లి గారు నవ్వలేదు. బీరువాలోనుండి ప్లాస్టిక్ కవరులో భద్రపరచిన ఒక కాగితం తీసి, తన ఎర్ర కలంతో సహా నిరీక్షణ చేతికిచ్చి దిద్దమన్నారు.

అందులో ఆరు వాక్యాలున్నాయి. యంత్రాలన్నీ సక్రమంగా నడిచాయనీ, ఒత్తిడీ వేడిమీ పరిమితికి లోబడే ఉన్నాయనీ, అసాధారణమైనదేదీ తమ దృష్టికి రాలేదనీ, తరువాతి షిఫ్టుకు అంతా సవ్యంగా అప్పగించామనీ వాటి సారాంశం. నిరీక్షణ రెండుసార్లు చదివింది. ఒక్క కామా కూడా ఉండవలసిన చోటు తప్పలేదు. మూలన పదికి పది వేసి చుట్టూ సున్న చుట్టింది. ఎవరు వ్రాశారోగాని అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయన్నది.

వేదవల్లి గారు కుర్చీలో కూర్చొని, వ్రాసినవాని సంగతి చెప్పారు.

ఇరవై రెండేళ్ల క్రితం సంగతి అది. సముద్రం వైపు ఉన్న ఒక రసాయన కర్మాగారానికి విదేశీ కొనుగోలుదారులు తనిఖీకి రాసాగారు. షిఫ్టు వివరాలు వ్రాసే పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని యాజమాన్యం ఆజ్ఞాపించి, యంత్రాల వద్ద పనిచేసే ముప్పైమందికి ఆదివారాలు పాఠం చెప్పేందుకు వేదవల్లి గారిని నియమించింది. అప్పట్లో ఆమె తప్పును నేరంగా చూసే మనిషి. ఆ ఆరు వాక్యాలను తానే కూర్చి, వాళ్ల చేత రెండువందల సార్లు వ్రాయించారు. పెదవుల ముందు కాగితపు ముక్క పట్టుకొమ్మని, ‘ప్రెషర్’ అన్నప్పుడు ఊపిరికి ఆ కాగితం కదిలేవరకూ పలికించారు. షిఫ్టు ముగించిన మనిషి తాను వ్రాసినదానిని అధికారి ఎదుట నిలబడి చదవాలి. అధికారి సంతకం చేస్తేనే ఇంటికి వెళ్లాలి. అది అక్కడి పద్ధతి.

ఆ ముప్పైమందిలో పైడిరాజు అందరికంటే ముందుండేవాడు. పదవ తరగతి తప్పినవాడైనా కాగితాన్ని మొదట కదిలించినవాడు అతడే. ఒక ఆదివారం అతడు ఆ ఆరు వాక్యాలు కాక, తన పంపు గురించి తన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వ్రాసి తెచ్చాడు. మోటారు మేకపిల్లలాగా ఏడ్చిందనీ, దాని వీపు మీద చేయి పెడితే కాలిందనీ, ఆపితే గాని ఊరుకోలేదనీ వ్రాశాడు. ఆమె దానిని తరగతిలో పైకి చదివారు. ఒకడు మేకలా అరిచాడు. తక్కినవారితోపాటు ఆమె కూడా నవ్వారు. ఆపైన ఆ నాలుగు వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టారు.

“యంత్రాలు ఏడవవు పైడిరాజూ. ఇచ్చినది వ్రాయి.”

చాలాకాలం క్యాంటీనులో అతడిని మేకపిల్ల అనే పిలిచారు. అతడు మళ్లీ సొంతంగా ఒక్క మాట వ్రాయలేదు.

తరువాతి వేసవిలో ఒకనాడు, మధ్యాహ్నం ఒంటిగంట వేళ, మూడవ పంపు అదే గొంతుతో ఏడ్చింది. పైడిరాజు దాని మీద చేయి వేశాడు; ఉంచలేకపోయాడు. అధికారి అనుమతి లేకుండా పంపు ఆపే వీలు అప్పటికి లేదు. షిఫ్టు ముగియవచ్చి, పావుతక్కువ రెండుకు పుస్తకం ముందు కూర్చున్నాడు. ఆ ఆరు వాక్యాలూ వరుసగా వచ్చి నిలబడ్డాయట. ఏడవది రాలేదట. పావుగంట కలం పట్టుకొని కూర్చొని, చివరికి ఆ ఆరే వ్రాశాడు. లేచి నిలబడి చదివాడు. వేరే రాష్ట్రం నుండి వచ్చిన, తెలుగు రాని ఆ చిన్న వయసు అధికారి ఉచ్చారణ చాలా బాగున్నదని మెచ్చుకొని సంతకం చేశాడు.

సైకిళ్ల స్టాండు వద్ద అతడికి అప్పలసూరి ఎదురయ్యాడు. చెల్లెలి భర్త, ఆ పంపు వద్దకే డ్యూటీకి వస్తున్నాడు. పైడిరాజు అతడి హ్యాండిలు పట్టుకొని ఆపాడు.

“బావా, మూడో పంపు గొంతు బాగోనేదు. ఎల్లగానే ఆపించీ.”

అప్పలసూరి నేరుగా అధికారి వద్దకు వెళ్లి, పంపు ఆపాలని వచ్చీరాని హిందీలో అడిగాడు. అధికారి పుస్తకం తెరిచి, తడి ఆరని పేరా మీద వేలు పెట్టి చూపాడు. ఎనిమిది గంటలు పంపు దగ్గరున్నవాడు బాగున్నదని వ్రాస్తే, ఇంకా చూడనైనా చూడనివాడు బాగాలేదంటే ఎలాగన్నాడు. ఆపాలంటే కారణం పుస్తకంలో వ్రాయమన్నాడు. అప్పలసూరి కలం అందుకొని కొంతసేపు ఆ పేజీని చూశాడట. అతడికీ వచ్చినవి ఆ ఆరు వాక్యాలే. కలం అక్కడే పెట్టి పంపు దగ్గరకు వెళ్లాడు.

పావుతక్కువ నాలుగుకు అది పగిలింది. ముగ్గురు కాలిపోయారు. అప్పలసూరిని అతడి మొలతాడుకున్న సైకిలు తాళంచెవిని బట్టి పోల్చుకున్నారు.

విచారణకు వచ్చిన అధికారులు పైడిరాజును నిలబెట్టి, అతడు వ్రాసినది అతడినే చదవమన్నారు. అతడు చదివాడు. తడబడుదామన్నా నాలుక తడబడలేదట. చెల్లెలు ఆ గదిలోనే గోడవార కూర్చొని ఉంది. వచ్చినవారిలో ఒకాయన, ఇంత చక్కని ఉచ్చారణ ఎవరు నేర్పారని అడిగాడు. పైడిరాజు వేదవల్లి గారి పేరు చెప్పాడు.

ఉద్యోగం పోయిన వారానికి అతడు ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, పాఠాల పుస్తకంలోనుండి చింపిన ఒక కాగితం ఆమె చేతిలో పెట్టాడు. గొంతు పెంచలేదు.

“అంతా బాగుందని సెప్పడం నేర్పినారు మేడమ్‌గారూ. బాగోనేదని సెప్పడం నేర్పనేదు.”

ఆ తరువాత అతడిని ఆమె చూడలేదు.

వెనుక బల్లమీద గోవిందు తల వంచుకొని బల్ల అంచును గోటితో గీస్తున్నాడు. వేదవల్లి గారు ఆ కాగితాన్ని వెనక్కి త్రిప్పమని నిరీక్షణకు చెప్పారు. వెనుక నాలుగు వాక్యాలున్నాయి. వాటి మీదుగా ఈ కొస నుండి ఆ కొసకు వెలిసిన ఎర్ర గీత ఉంది. నిరీక్షణ కళ్లు అలవాటు కొద్దీ తప్పులు లెక్కపెట్టసాగాయి. ఏడు వరకూ వచ్చి ఆగిపోయాయి. కాగితం ముందువైపు తాను వేసిన పదికి పది ఇవతలికి ఎర్రగా కనిపిస్తున్నది.

ఆమె తన నోటుపుస్తకం తెరిచింది. తరువాత ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ వ్రాసింది. ఏడవ మంచం మీద ఒక ముసలమ్మ ఉన్నదనీ, విరిగిన కాలికి మొన్న కట్టు వేశారనీ, కాలు చల్లబడిపోతున్నదని నిన్న ఆమె నాలుగుసార్లు చెప్పిందనీ వ్రాసింది. తాను ముట్టుకుంటే వేళ్లు కుండలో నీళ్లలా ఉన్నాయనీ, పెద్ద నర్సు ముసలివాళ్లు అలాగే అంటారని చెప్పి వార్డు చీటీలో పై వరుసలో ఉన్నదే ఎక్కించమంటే, తాను కూడా బాగున్నదని వ్రాశాననీ వ్రాసింది. ఐదు వాక్యాలు. మొదటి దానిలోనే రెండు తప్పులు. కుండ పోలిక ఇంగ్లీషుకు అతకలేదు.

వేదవల్లి గారు నిలబడే చదివారు. నిరీక్షణ ఎర్ర కలాన్ని ఆమెకు అందించబోయింది. ఆమె అందుకోలేదు. క్రింద మర ఆగింది. ఆమె చేయి ఎత్తలేదు. ఆ పేజీని కుట్టు వద్ద జాగ్రత్తగా చింపి, మడిచి, అమ్మాయి చేతిలో పెట్టారు.

“తప్పులు నువ్వు వచ్చాక దిద్దుకుందాం. ముందు వార్డుకు వెళ్లి, డాక్టరు ఎదుట దీనిని పైకి చదువు.”