బొలిజ మాను ఏ చెట్టు?

అనగనగా, దొరల కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో భైరవయ్య పంతులని ఒక పండితుడుండేవాడు కన్నా. ఆయనకి రెండే రెండు పిచ్చులు. రాళ్ళమీద పాత రాతలు చదవడం ఒకటి, చెట్ల పేర్లు పోగుచేయడం రెండోది. ఆయన భార్య పేరిందేవికి ఆ రెంటితోనూ ప్రాణం విసిగిపోయేది. బియ్యం చెరుగుదామని చేట తీస్తే అందులో ఆకులు ఆరుతుండేవి. చీర మడత విప్పితే ఎండు పువ్వులు రాలేవి.

ఒకనాడు ఊళ్ళోకి దొరల తరఫున భూములు చూసే అమీను వచ్చి, ఏటి పక్క బీడు దున్నించి నీలిమందు పంట వేయిస్తానన్నాడు. ఊరి గొడ్లన్నీ మేసేది అక్కడే. అప్పుడు పంతులు ఆ బీట్లో ఉన్న పాత రాయి చదివాడు. "ఏటి నుంచి బొలిజ మాను దాకా నేల ఊరి పశువులది" అని ఉంది.

"అయితే ఆ మానేదో చూపించండి, వదిలేస్తాను. మూడు నెలలు గడువు" అన్నాడు అమీను.

మొదటి నెల పంతులు పండితుల్ని అడిగాడు. వాళ్ళు నిఘంటువులు తిరగేసి తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత వైద్యుల్ని అడిగాడు. ఆ పేరే వినలేదన్నారు. మూడో నెల చెన్నపట్నంలో చెట్ల శాస్త్రం తెలిసిన దొరకి ఉత్తరం రాశాడు. అలాంటి చెట్టే లేదని జవాబొచ్చింది.

ఇక తెల్లారితే అమీను వస్తాడు. పంతులు విస్తరి ముందు కూచుని అన్నం కలపడం లేదు. పేరిందేవి నేతిగిన్నె ఠక్కున కింద పెట్టింది.

"మూడు నెలలైంది మీరు వేడన్నం తిని. ఏమిటండీ ఆ బెంగ?"

"నీకేం తెలుస్తుందే. బొలిజ మాను ఏ చెట్టో తేలడం లేదు."

"తానికాయలు కాసే తాండ్ర చెట్టు. మా పుట్టింటి వైపు కొండల్లో తాండ్రని బొలిజ అనే అంటారు."

పంతులు విస్తరి పక్కకి జరిపాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడగందే ఏం చెప్పను? ఊళ్ళన్నీ తిరిగి అడిగారు. వంటింట్లోకొచ్చి అడిగారా?"

మర్నాడు పంతులు బీడు చివర ఉన్న ముసలి తాండ్ర చెట్టు చూపించాడు. కొండమీంచి కట్టెలు తెచ్చేవాళ్ళు కూడా అది బొలిజేనన్నారు. అమీను మొహం ముడుచుకుని గుర్రమెక్కాడు. గొడ్లు తోకలాడించుకుంటూ బీట్లోకి పోయాయి.

ఆ తర్వాత పంతులు తన పుస్తకంలో "బొలిజ అంటే తాండ్ర. చెప్పినది పేరిందేవి" అని రాసి, ఆవిడకి చదివి వినిపించాడు.

ఆవిడ విని, "సరే, ఇంకా ఏ పేర్లు కావాలి? పప్పు దించొచ్చి చెబుతాను, కూచోండి" అంది.

పంతులు కలం పట్టుకుని వంటింటి గడప దగ్గరే కూచున్నాడు.

కంచి దారిన కథ పోయె,
కంటి దారిన కునుకు వచ్చె.