పేపరుకెక్కిన మామిడి తాండ్ర

కడలిపాలెం మొత్తానికి బుర్రంటూ ఉన్నది తమ కొంపలోనే అని పేర్రాజు గట్టి నమ్మకం. పెళ్ళాం లచ్చాయమ్మా, తమ్ముడు చంద్రయ్యా కూడా కాదన్నది లేదు. ఎందుకంటారా? ప్రయాణమైతే చాలు, తాళంచెవి ఎక్కడ పోతుందోనని ఊళ్ళో జనం హైరానా పడతారు. వీళ్ళు మాత్రం తాళం వేసి, చెవిని ఆ తాళానికే దారంతో కట్టి, హాయిగా వెళ్ళొచ్చేవారు. మరి బుర్రంటే అదీ!

అలాంటివాళ్ళకీ ఓ ఏడాది కష్టం వచ్చింది. పెరట్లో నలభై చాపల మామిడి తాండ్ర ఎండి సిద్ధంగా ఉంది. ఏటా కొనే షావుకారు రాలేదు. చూస్తే మృగశిర కార్తె దగ్గర పడుతోంది. ఒక్క వాన తడిపిందా, తాండ్రంతా బూజు పట్టి పెంటకుప్ప పాలే. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చాపల మీదే ఉంది. పేర్రాజుకి అన్నం సయించడం మానేసింది.

కామేశం మేస్టారి దగ్గరికి పోయి గోడు వెళ్ళబోసుకున్నాడు. పేపర్లో ప్రకటన వేయించే తాహతు నీకెక్కడిదిరా, విలేకరితో స్నేహం చేసుకో, ఆయనే ఊరికే రాస్తాడు అన్నారు మేస్టారు. అని, మూడు ముక్కలు చెప్పారు.

"వెళ్ళగానే మా తాండ్ర గురించి రాయండని మీద పడకు. ఊళ్ళో ఏం జరిగినా అందరికంటే ముందు ఆయనకి చెప్పు. ఆయన రాసింది అబద్ధం అయ్యే పని ఎప్పుడూ చెయ్యకు. నీవల్ల ఆయన మాట పోయిందా, మళ్ళీ నీ గుమ్మం తొక్కడు."

అంతే. ముగ్గురూ ఆ మూడు ముక్కలూ బట్టీ పట్టేశారు. మర్నాడు అన్నదమ్ములిద్దరూ సంచీడు తాండ్ర పట్టుకుని టౌన్లో విలేకరి ధనుంజయరావు గారింటికి వెళ్ళి కూర్చున్నారు. ఎవరు బాబూ మీరు, ఏం చేస్తుంటారు అని ఆయన అడిగాడు.

"అదొక్కటీ అడక్కండి," అన్నాడు పేర్రాజు.

పోనీ సంచిలో ఏముందన్నాడాయన. చంద్రయ్య గబుక్కున సంచి మీద కూర్చున్నాడు. ఇంకేముంది, వీళ్ళు నాటుసారా గాళ్ళని ఆయనకి అనుమానం పట్టుకుంది. చివరికి ఆయన ఫోన్ నంబరు రాయించుకుని, సంచి చంకన పెట్టుకుని వచ్చేశారు. మొదటి ముక్క దివ్యంగా పూర్తయిందని దారంతా ఒకటే మురిపెం.

ఇక రెండోది. ఊళ్ళో కోడి గుడ్డు పెట్టినా ఆయనకి ఫోనే. పక్కింటి వెంకాయమ్మ గేదె తాడు తెంపుకుని పోతుంటే, ఆవిడకి చెప్పకుండా ఆయనకి చెప్పారు. గేదె మూడోనాటికి ఎక్కడో పొరుగూళ్ళో దొరికింది. ఓ రోజు సూరప్పడు చుట్ట నోట్లో పెట్టుకుని గడ్డివాముకి ఆనుకుని కునుకు తీస్తుంటే, వాము వెనక అంటుకుంది. పేర్రాజు చూశాడు. చూసి, సూరప్పడి పక్కనుంచే ఇంట్లో ఫోన్ కోసం పరుగు లంకించుకున్నాడు. ఆ చప్పుడుకి లేచి, ఏరా ఆ పరుగు అని సూరప్పడు అడిగాడు.

"నీకు తర్వాత చెప్తాను బాబాయ్. ఇంకా నీ వంతు రాలేదు."

వాము కాలింది. సూరప్పడి పంచె సగం కాలింది. పిక్కబలం కొద్దీ మనిషి దక్కాడు.

అయితే ఆ వార్త మాత్రం అందరికంటే ముందు ధనుంజయరావు గారికే దక్కింది. ఫోటో కోసం మోటారు సైకిలు మీద వచ్చినాయన, దాహమై పేర్రాజు పెరట్లోకి నడిచాడు. నలభై చాపలూ చూశాడు. ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంత మంచి సరుకు పెట్టుకుని, సారా కాసేవాళ్ళలా ఆ దాపరికం ఏవిటయ్యా అని నవ్వి, ఓ ఫోటో తీసుకుని పోయాడు.

ఆదివారం పేపర్లో వచ్చేసింది. పెరటి నిండా నలభై చాపల తాండ్ర, పక్కన బిగుసుకుపోయిన పేర్రాజు, మూల చాప మీద ఓ కోడిపెట్ట. పొద్దెక్కేసరికి జనం ఆటోలు కట్టించుకుని వచ్చి పడ్డారు. మధ్యాహ్నానికి చాపలన్నీ ఖాళీ. ఏడాది గండం గడిచిందని లచ్చాయమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

పేర్రాజు పేపరు చూశాడు. చాపలు చూశాడు. మళ్ళీ పేపరు చూశాడు.

"ఒసే, కొంప మునిగింది. పెరట్లో నలభై చాపల తాండ్ర ఉందని ఆయన రాశాడు. ఇప్పుడెవరైనా వచ్చి చూస్తే ఆయన మాట ఏం గాను?"

అంతే. ముగ్గురూ మూడు దారులు పట్టారు. బస్సులు ఆపారు, ఆటోలకి అడ్డం పడ్డారు, గడ్డాలు పట్టుకున్నారు, డబ్బు వెనక్కిచ్చి ముక్కముక్కా లాక్కొచ్చారు. ఎవరో పిల్ల కొరికిన ముక్క కూడా వదల్లేదు. సాయంత్రానికి నలభై చాపలూ ఫోటోలో ఉన్నట్టే నిండిపోయాయి. కోడిపెట్ట నిలబడనంటే దాన్ని మూల చాపకి కట్టేశారు.

అప్పుడు పడింది మొదటి చినుకు. వాన, చాపలు తియ్యండి అని చంద్రయ్య అరవబోయాడు. పేర్రాజు తమ్ముడి నోరు మూసేసి ఫోన్ అందుకున్నాడు. ముందు ఆయనకి కదా చెప్పాలి! ముగ్గురూ జల్లులో కదలకుండా నిలబడ్డారు. నాలుగోసారికి ఆయన ఎత్తాడు. మా ఊళ్ళో వాన మొదలైందండీ, ఇంకా ఎవరికీ చెప్పలేదండీ అన్నాడు పేర్రాజు. తెలుసులేవయ్యా అని ఆయన పెట్టేశాడు. టౌన్లోనూ కుండపోత వానే మరి.

తాండ్ర నాని చాపల మీంచి కారిపోతోంది. పేర్రాజు తడిసి ముద్దై, బురదలో కూలబడ్డాడు.

"ఇంత నమ్మకంగా ఉండి ఏం లాభమే లచ్చాయీ," అన్నాడు ఏడుపు గొంతుతో. "మనకంటే ముందే ఎవడో ఆయనకి చెప్పేశాడు."