జావ తాగితే జావగారిపోతామా?

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున ఒక బడి ఉండేదర్రా! అందులో చదివేవాళ్లంతా పేదింటి పిల్లలే. పొద్దున్నే పొయ్యి వెలగని ఇళ్లు వాళ్లవి. అందుకే బడికి రాగానే వంట చేసే ఎలుగు పిన్ని ఒక్కొక్కరికీ గ్లాసు నిండా వేడి రాగిజావ, చేతిలో ఒక పల్లీ చిక్కీ పెట్టేది. సాయంత్రమైతే మైదానంలో ఒకటే కబడ్డీ!

ఆ మైదానం మాదేనని అవతలి ఒడ్డు బడివాళ్లు గొడవకొచ్చారు.

"శనివారం కబడ్డీ పోటీ పెట్టారర్రా. గెలిచినవాళ్లదే మైదానం!" అంది దుప్పి టీచరమ్మ.

పిల్లలు భయపడలేదు. జట్టులో కుందేలు పిల్ల చెంగి ఉందిగా! కూతకు వెళ్లిందంటే ఇద్దరినైనా తాకందే తిరిగి రాదు.

బుధవారం గేటు దగ్గర నక్క మామ బుట్టతో దిగాడు. బుట్ట నిండా ఎర్రరంగు చిప్సు.

"పిచ్చిదానా, జావ తాగుతున్నావా? జావ తాగితే జావగారిపోతావే! పేరులోనే ఉంది కదా! ఆ చిక్కీ ఇటిచ్చి, ఈ చిప్సు తిను," అన్నాడు చెంగితో.

చెంగి నమ్మేసింది. నవ్వకండి, మీరైనా నమ్మేవాళ్లే! ఆ రోజు నుంచే జావ పారబోసి, చిక్కీ ఇచ్చేసి చిప్సు తినసాగింది. గురువారం కడుపు ఉబ్బరించి ఆటకు రానంది. శుక్రవారం మైదానం పక్కనే కునుకు తీసింది.

అడవిపంది పిల్ల బొద్దు మాత్రం "పిన్నీ, ఇంకో గ్లాసు!" అని అడిగి తాగేవాడు. సాయంత్రం మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తేవాడు.

"చూస్తూ ఉండు, జావగారిపోతావ్!" అని చెంగి వెక్కిరించేది.

శనివారం రానే వచ్చింది! ఈలలు, చప్పట్లు, కేకలు! చెంగి మొదటి కూతకు వెళ్లింది. సగంలోనే దమ్ము చాలక ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి గీత దాటకుండానే కూలబడింది.

"జావ మానేసిన నేనే జావగారిపోయాను!" అని భోరుమంది.

ఇక మిగిలింది బొద్దు ఒక్కడే. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఇదే ఆఖరి కూత!

"కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..."

ఒకణ్ణి తాకాడు! ఇంకొకణ్ణీ తాకాడు! నలుగురు మీదపడి కాళ్లు పట్టేశారు. అయినా కూత ఆపలేదు. అందర్నీ ఈడ్చుకుంటూ పాకి, చెయ్యి చాచి గీత ముట్టుకున్నాడు!

"మైదానం మనదే!" అని బడి మొత్తం దద్దరిల్లింది. నక్క మామ బుట్ట సర్దుకుని జారుకున్నాడు.

అందరూ బొద్దు మీదికి ఉరికారు. ఎప్పుడూ ముందుండే చెంగి అందరికంటే ఆఖర్న చేరింది.

"సోమవారం నుంచి నీతో నేనూ పరిగెడతానురా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"ముందు జావ తాగి రావే!" అన్నాడు బొద్దు.

నీతి: మాయమాటలు నమ్మి మంచి తిండి మానుకోకూడదు, కడుపుకు బలమైన తిండి, ఒంటికి రోజూ ఆట ఉంటేనే అవసరానికి సత్తువ ఉంటుంది.