రాకాసికి దిష్టి తీసిన పెంచలమ్మ

ఒసేయ్ జున్నూ, నిద్ర రావట్లేదని పిన్ని ఫోన్ లాక్కున్నావా? సరే, కథ చెప్తా. కానీ నువ్వు నమ్మవు. పందెం! నమ్మే దమ్ముంటేనే విను, లేకపోతే దుప్పటి కప్పుకో. అమ్మమ్మ నాకెట్టా చెప్పిందో అట్టాగే చెప్తా. మధ్యలో పిల్లిబొమ్మలు పంపావో, ఆపేస్తా.

అనగనగా, అమ్మమ్మ వాళ్ళమ్మ ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, గూడూరు అవతల ఒక ఊరుండేది. ఆ ఊరికి పొలాల్లేవు, గని ఉంది. దాంట్లో అభ్రకం దొరికేది. అద్దంలాగా మెరుస్తుంది, పొరలు పొరలుగా ఊడొస్తుంది. మగాళ్ళు లోపలికి దిగి రాయి కొట్టేవాళ్ళు. ఆడాళ్ళు పైన కూర్చుని పలకలు చీల్చేవాళ్ళు. అదే వాళ్ళ కూడు.

అప్పుడు ప్రపంచమంతా పెద్ద కరువొచ్చింది. వానల కరువు కాదు, వ్యాపారాల కరువు. సరుకు కొనేవాడు లేడు. చుట్టుపక్కల గనులన్నీ మూతపడ్డాయి, ఇదొక్కటే మిగిలింది.

మేస్త్రి వెంగయ్య వచ్చి, "పున్నమిలోపు బండి నిండా పెద్ద పలకలు పడితే గని ఉంటది. లేదంటే తాళమే" అన్నాడు.

తాళం పడితే మగాళ్ళంతా కూలికి రంగూన్ ఓడెక్కాలి. మస్తానయ్య అప్పుడే మూట కట్టేశాడు. మస్తానయ్య ఎవరంటే పెంచలమ్మ మొగుడు. పెంచలమ్మ ఎవరంటే మన కథకి హీరో.

"యాడికి?" అంది పెంచలమ్మ.

"రంగూన్. నువ్వు పిల్లల్ని చూసుకో. నాలుగేళ్ళకి వస్తా."

"నాలుగేళ్ళకా? అప్పటికి నీ మొహం గుర్తుపట్టి లోపలికి రానివ్వాలా నేను? పోయి బండి నింపు!"

సరే అని అందరూ గనిలోకి దిగబోయారు. అప్పుడు లోపల్నుంచి "ఊఁ... ఊఁ..." అని మూలుగు. తట్టలు వాటంతటవే ఎగిరిపడ్డాయి. ఆ తర్వాత ఒక ఆవలింత. అబ్బో, ఆ గాలికి వెంగయ్య తలపాగా ఎగిరి తుమ్మచెట్టుకి చిక్కుకుంది.

గనిలో రాకాసి! ఒక్కడు దిగితే ఒట్టు.

ఏందీ, ఎట్టా ఉంటదా? ఎవరూ పూర్తిగా చూడలేదే. చీకట్లో బానలంత కళ్ళు, తళతళా. చాలా?

మొదట మంత్రాల దాసప్పని పిలిపించారు. ఆయన వేపమండ ఊపుతూ "ఎవరే నువ్వు? పేరు చెప్పు!" అని గద్దించాడు. రాకాసి ఇంకో ఆవలింత ఆవలించింది. దాసప్ప వేపమండతో సహా రైలుస్టేషన్ దాకా పరిగెత్తాడు.

ఆ తర్వాత కోడిపుంజుని తట్టలో పెట్టి లోపలికి దించారు. కాసేపాగి తాడు లాగితే, పుంజు ఈక చెదరకుండా దర్జాగా పైకొచ్చింది. వచ్చి వెంగయ్య మొహం మీదే కూసింది.

"ఇంక మనవల్ల కాదు. తాళం వేసేద్దాం" అన్నాడు వెంగయ్య.

అప్పుడు పెంచలమ్మ లేచింది. "ఆగయ్యా మేస్త్రీ. అది తిండి ముట్టట్లేదు. ఊరికే మూలుగుతోంది. ఊరికే ఆవలిస్తోంది. మా చిన్నది ఇట్టా చేస్తే ఏమంటాం? దిష్టి తగిలిందంటాం."

అందరూ పగలబడి నవ్వారు.

"ఒసే, దాన్ని చూస్తే మనకి జ్వరం రావాలి గానీ, మనం చూస్తే దానికొస్తదా?" అన్నాడు మస్తానయ్య.

"రాదా మరి? రోజూ లోపలికి దిగి ఏమంటారు మీరు? అబ్బ ఏం మెరుపు, అబ్బ ఏం ధగధగ అని నోళ్ళు తెరుస్తారు. దాని ఇల్లది! ఇంతమంది కళ్ళు పడితే ఎవరికైనా తగులుద్ది."

దిష్టికి ఉప్పు, ఎండుమిరపకాయలు కావాలా? పసిపిల్లకైతే గుప్పెడు చాలు. రాకాసికి తట్టెడు కావాలి. ఆ కరువులో ఎవరింట్లో చూసినా నాలుగు కాయలే. అవి కొరుక్కునే గంజి తాగేది. అయినా పెంచలమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

ముసలి కోటమ్మ గడపలోనే అడ్డం నిలబడింది. "నా మిరపకాయలు నీ రాకాసికా? గంజిలోకి నీ తల కొరుక్కోనా?"

"కొరుక్కో అవ్వా, పళ్ళుంటే" అంది పెంచలమ్మ.

కోటమ్మకి ఒక్క పన్నూ లేదు. నవ్వాపుకోలేక ఉన్న కాయలన్నీ తట్టలో పోసేసింది.

ఆ తర్వాత పెంచలమ్మ గని నోటి ముందు మంట వేసింది. తట్ట ఎత్తి గుండ్రంగా తిప్పింది. "మగాళ్ళ కళ్ళు, ఆడాళ్ళ కళ్ళు, మేస్త్రి పిల్లికళ్ళు, థూ! థూ! థూ!" అని మంటలో పోసేసింది.

అందరూ ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. తట్టెడు మిరపకాయలే మరి! చిటపటా కాలాయి, గుప్పుమని పొగ లేచింది. ఒక్కడికి దగ్గొస్తే ఒట్టు! తుమ్ము లేదు, ఘాటు లేదు. ఘాటు రాలేదంటే దిష్టి ఉన్నట్టే, నీకు తెలుసుగా.

"అమ్మో, ఎంత దిష్టే తల్లీ దీనికి!" అని బుగ్గలు నొక్కుకుంది కోటమ్మ.

మూలుగు ఆగిపోయింది. గని అంతా చప్పుడు లేదు. అప్పుడు లోపల్నుంచి, మబ్బు ఉరిమినట్టు,

"ఆకలేస్తోంది."

జనం పరుగో పరుగు! వెంగయ్య బండి కిందకి దూరాడు. దిష్టి పోతే ఆకలేస్తదని తెలుసు గానీ, ఈ రాకాసి ఏం తింటదో ఎవరికి తెలుసు? పెంచలమ్మ మాత్రం కదల్లేదు. కదిలితే మొగుడు ఓడెక్కేస్తాడు.

"ఏం తింటావ్?" అంది.

"ఏముంది?"

"గంజి."

"నంజుకోడానికి?"

పెంచలమ్మకి ఒళ్ళు మండింది. "మిరపకాయ ముక్క కూడా లేదు! అన్నీ నీకే తగలేశాంగా!"

రాకాసి నవ్వింది. కొండ కొండంతా ఊగేట్టు నవ్వింది. ఊరంతా ఇళ్ళలోంచి గంజికుండలు తెచ్చి తాడు కట్టి దించారు. గటగటా తాగేసి "బ్రేవ్!" మని తేన్చింది. అంతే! రాయి నిలువునా చీలి, విస్తరాకులంత పలకలు జలజలా జారిపడ్డాయి. బండి నిండింది. పైన ఇంకా పేర్చారు.

మస్తానయ్య ఇంటికెళ్ళి మూట విప్పాడు. దాంట్లో పెంచలమ్మ పాత చీర ఒకటి బయటపడింది.

"ఇదెందుకయ్యా నీకు?"

"అక్కడ కప్పుకుందామని" అన్నాడు, నేల చూపులు చూస్తూ. ఆ రాత్రి పెంచలమ్మ మళ్ళీ గంజి కాచి ముందు ఆయనకే పోసింది.

మర్నాడు గని నోటికి పెనమంత మసిచుక్క పెట్టారు, పాపాయి బుగ్గకి పెట్టినట్టు. అప్పట్నుంచి పనిలోకి దిగేవాళ్ళు రోజూ దాన్ని తిట్టాల్సిందే. "ఛీ, ఇదేం గని, మా పొయ్యిగోడ నయం!" అని ఒకడు. "దీని మొహానికి అభ్రకం ఒకటి!" అని ఇంకొకడు. లోపల్నుంచి కిసుక్కున నవ్వు.

ఒకసారి సరుకు చూడ్డానికి మద్రాసు షావుకారు వచ్చాడు. తెలీక "అబ్బ, ఏం మెరు..." అన్నాడో లేదో, కోటమ్మ ఎగిరి ఆయన నోరు మూసేసింది. "తిట్టు నాయనా! తిట్టు!" అని అందరూ అరుపులు. ఆయన బిత్తరపోయి, వేలిసందుల్లోంచి ఏమన్నాడంటే...

ఆఁ, వస్తున్నానమ్మా! అమ్మే, పాలు పొంగించేశానంట. చంపేస్తది. తొందరగా ముగించేస్తున్నా విను,

కథ వెళ్ళింది కంచికి,
రాకాసి మరిగింది గంజికి,
జున్నూ, నువ్వెళ్ళు మంచాని...

వస్తున్నానన్నాగా అమ్మా!!