గుళికల్లో గొంతు

చంద్రకేతు రాజుకు తండ్రి పోయిన నెలకే కాలభట్టు అనే మాంత్రికుడు రెండు వెండి గుళికలు తెచ్చిచ్చాడు. వాటికి తాడు లేదు, గొట్టం లేదు. అయినా చెవుల్లో పెట్టుకుంటే, ఎవరో దూరంగా నిట్టూరుస్తున్నట్టు ఆగని హోరు వినిపించేది.

"మీ నాన్నగారే ప్రభూ! ఆయన మాటలు నాకొక్కడికే అర్థమవుతాయి" అన్నాడు కాలభట్టు. రాజు అది నమ్మి అతడు చెప్పిందల్లా చేయసాగాడు.

ఒకరోజు, కోటగోడ నిలవాలంటే కుమ్మరి ఓబన్నను అందులో ప్రాణంతో పూడ్చమని ఆ గొంతు చెప్పిందట. ఓబన్న భార్య బయ్యమ్మ పరుగున వచ్చి, గుళికల్ని ఒక్కసారి చూడనివ్వమని రాజును వేడుకుంది. అవి చెవికి అతుక్కునేలా బయట నున్నగా, లోపల గుల్లగా ఉన్నాయి. మర్నాడు అదే ఆకారంలో మట్టితో రెండు చేసి, కాల్చి తెచ్చింది. అప్పటికే ఓబన్న చుట్టూ గోడ నడుందాకా లేచింది.

రాజు వాటిని పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. "అదే గొంతు!" అన్నాడు.

"వీటిని చేసింది నేను కాబట్టి అర్థం నాకే తెలుసు ప్రభూ" అంది బయ్యమ్మ. "ఓబన్నను వదిలేసి కాలభట్టును పూడ్చమంటున్నారు మీ నాన్నగారు."

"అబద్ధం! ఏ గుల్ల చెవిలో పెట్టినా అలాగే హోరుమంటుంది!" అని అరిచాడు కాలభట్టు.

ఆ మాటతో అతడి మోసం అతడే బయటపెట్టుకున్నాడు. రాజు గోడ పగలగొట్టించి, మాంత్రికుణ్ణి దేశం దాటించాడు. తర్వాత బయ్యమ్మను మెల్లగా అడిగాడు.

"నిజంగా నాన్న లేడా?"

"లేరయ్యా."

తండ్రి ఆ పూటే పోయినట్టు రాజు బావురుమన్నాడు.